అక్షరం దగ్గర ఆగిన పసివాడు: పఠన వైకల్యాన్ని గుర్తించిన చరిత్ర

ఒక విద్యాసంస్థ డెబ్బై అయిదు సంవత్సరాలు పూర్తిచేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొనడం సామాన్య విషయం కాదు. కన్నడ సీమ నడిబొడ్డున, బెంగళూరు వంటి మహానగరంలో, తెలుగు మాధ్యమంలో బోధిస్తూ మూడు తరాల పిల్లల చేత ఓనమాలు దిద్దించిన పాఠశాల విషయంలో ఇది మరింత గర్వకారణం. ఇటువంటి సంచికలలో పాఠశాలకు కీర్తి తెచ్చిన పూర్వవిద్యార్థుల పేర్లను సగర్వంగా ప్రకటించుకొంటాము. అది ఎంతైనా ఉచితమే. కాని ఏ బడి హాజరుపట్టీ తీసి చూచినా, రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఎర్రసిరా గీతతో ముగిసిపోయిన పేర్లు కొన్ని కనిపిస్తాయి. వారిలో కొందరు పేదరికం వల్ల బడి మానినవారు. కొందరు తల్లిదండ్రుల వలస వల్ల వెళ్ళిపోయినవారు. మరికొందరు మాత్రం "చదువు రాక" మానినవారు.

చదువు రాదని మనం తేల్చిన ఆ పిల్లలలో నిజంగా తెలివి కొరవడినవారు ఎందరు, అన్ని తెలివితేటలూ ఉండి కేవలం అక్షరం ఒక్కటే అడ్డుపడినవారు ఎందరు? ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన బెంగళూరు నగరానికి చెప్పుకోదగిన స్థానం ఉంది. దానిని తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, పూర్వవిద్యార్థులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పాత తప్పు

విషయంలోకి ప్రవేశించే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయలసీమలోని ఒక పల్లెబడిలో మూడో తరగతి చెప్పేవాణ్ణి. అందులో ఒక కుర్రవాడు ఉండేవాడు. వేమన పద్యాలు, సుమతీ శతక పద్యాలు వరుసగా ఒప్పజెప్పేవాడు. సంతలో తండ్రి పక్కన కూర్చుని శెనక్కాయల లెక్క నోటితోనే కట్టేవాడు. పుస్తకం తెరిచి చదవమంటే వేలు పెట్టి గడగడా చదివేవాడు. ఒకనాడు వాడి వెనుక నిలబడి చూస్తే, వాడు చదువుతున్నది ఒక పద్యం, వేలు ఉన్నది వేరొక పద్యం మీద. పుస్తకం మూసి, పాఠంలోని మాటలనే పలకమీద విడివిడిగా రాసి చూపితే ఒక్కటీ చదవలేకపోయాడు.

ఇన్నాళ్ళూ నన్ను మోసగించాడని నాకు కోపం వచ్చింది. నలుగురి ముందూ "మొద్దు" అన్నాను; బెంచీ ఎక్కించాను; చెయ్యి చేసుకొన్నాను కూడా. ఏడాది తిరగకుండానే వాడు బడి మానేశాడు. చాలా ఏండ్ల తరువాత బెంగళూరు కలాసిపాళ్యంలో ఒక నడివయస్కుడు నన్ను గుర్తుపట్టి, "అయ్యోరూ, బాగుండారా?" అని కాళ్ళకు దండం పెట్టాడు. చేతికింద పదిమంది పనిచేసే మేస్త్రీ అయ్యాడట. కాసేపు మాట్లాడిన తరువాత జేబులోనుంచి ఊరి నుంచి వచ్చిన ఉత్తరం తీసి, "కొంచెం చదివి చెప్పండయ్యోరూ" అన్నాడు. ఆ ఉత్తరం తెలుగులోనే ఉంది.

వాడు నన్ను మోసం చేయలేదు. తనకు చేతకాని పనిని తనకు చేతనైన జ్ఞాపకశక్తితో పూడ్చుకొన్నాడు. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి వాడికి నా అవసరం తీరిపోయింది.

ఇసుకలో అక్షరాలు

మన పాతబడులలో ఇటువంటి పిల్లలు ఎలా ఉండి ఉంటారు? దీనికి ఒక ప్రభుత్వ పత్రం కొంత సమాధానం ఇస్తుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు సేకరించమని ఆదేశించారు. దాని ప్రకారం బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న ఒక నివేదిక పంపారు. నేటి అనంతపురం ప్రాంతం కూడా ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. జిల్లాలో మొత్తం 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పారు. ఆ బడులలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. అంటే తెలుగు, కన్నడ బడులు పక్కపక్కనే నడవడం ఈ సీమకు కొత్త కాదు.

పిల్లవాడికి అయిదో ఏట గణపతి పూజ చేసి, బియ్యంలో వేలు పట్టి రాయించే అక్షరాభ్యాసాన్ని కాంప్‌బెల్ వర్ణించారు. తరువాత పిల్లలు నేలమీద ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. చెయ్యి కుదిరిన పిమ్మట తాటాకుమీదికో, కడితం మీదికో వెళ్ళేవారు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నారు. అయితే, పిల్లలు వల్లించే పద్యాల భాష వాడుకభాషకు దూరమైనదనీ, అర్థం తెలియకుండానే అసంఖ్యాకమైన పద్యాలు చిలుకపలుకులవలె ఒప్పజెప్పుతారనీ విచారం వెలిబుచ్చారు. సోమరులన్నవారికి పడే శిక్షలను కూడా రాశారు. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, అదేపనిగా కూర్చుండి లేవమనడం అందులో ఉన్నవి. మన పెద్దలు కోదండమనీ, గుంజీలనీ చెప్పుకొనేవి ఇవే.

ఈ పత్రంలో మన విషయానికి సంబంధించిన రెండు సంగతులు ఉన్నవి. మొదటిది: చదువంతా కంఠస్థం మీద నడిచే బడిలో చదవలేని పిల్లవాడు బయటపడడు. ధారణ ఉన్నవాడు చదివినట్లే లెక్క. రెండవది: ధారణ కూడా లేనివాడు సోమరి అనిపించుకొని కోదండమెక్కుతాడు. చదవలేకపోవడం అనేది సోమరితనం కాక మరొక కారణం వల్ల కలుగవచ్చునన్న ఊహ ఆనాడు ఇక్కడే కాదు, ప్రపంచంలో మరెక్కడా లేదు.

పడమట మొదలైన పరిశీలన

ఆ ఊహ వైద్యుల వద్ద మొదలైంది. మెదడుకు దెబ్బ తగిలిన పెద్దవారిలో కొందరు చూపు, మాట సరిగానే ఉండి చదివే శక్తిని మాత్రం కోల్పోవడాన్ని జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మావుల్ 1877లో గుర్తించి, దానిని "పదాంధత్వం" అన్నారు. స్టుట్‌గార్ట్‌కు చెందిన నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో ప్రకటించిన గ్రంథంలో "డిస్లెక్సియా" అన్న పేరు వాడారు. ఇవన్నీ పెద్దవారిలో వచ్చిన వ్యాధికి సంబంధించినవి. పుట్టుకతోనే ఇటువంటి ఇబ్బంది ఉండవచ్చునని గట్టిగా చెప్పినది ఇంగ్లండులోని ఒక వైద్యుడు, డాక్టర్ ప్రింగిల్ మోర్గన్. 1896 నవంబరు 7న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన పెర్సీ అనే పద్నాలుగేళ్ళ బాలుని గురించి రాశారు. ఆ బాలుడు చురుకైనవాడు. 749ని 867తో వెంటనే తప్పులేకుండా హెచ్చవేశాడు. కాని ఏడేళ్ళు చదువు చెప్పించినా చిన్న చిన్న మాటలకు మించి చదవలేకపోయాడు. తన పేరులోని అక్షరాలను కూడా తారుమారు చేసి "ప్రెసీ" అని వచ్చేట్లు రాశాడు. బోధన అంతా నోటితోనే సాగితే బడిలోకెల్లా ఇతడే చురుకైన విద్యార్థి అవుతాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు.

ఈ ఉపాధ్యాయుని మాట గమనార్హం. వైద్యుడికి దారి చూపినది ఆయన పరిశీలనే. పిల్లవాడి నోటికీ చేతికీ మధ్య, వినికిడికీ చదువుకూ మధ్య ఉన్న అంతరాన్ని ఆయన చూశాడు. నా కుర్రవాడిలో అదే అంతరం నా కళ్ళముందు ఉండికూడా నాకు కనిపించలేదు.

గ్లాస్గో నేత్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1917లో ఈ విషయంపై ఒక గ్రంథమే వెలువరించారు. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ 1925 నుంచి ఇటువంటి పిల్లలను పరీక్షించి, వారిలో పలువురి బుద్ధిబలం సామాన్యులకు తీసిపోదని చూపారు. అక్షరాలు తలకిందులుగా కనిపించడం వల్లనే ఈ ఇబ్బంది కలుగుతుందని అప్పట్లో భావించారు. 1970 దశకం నుంచి జరిగిన పరిశోధనలు ఈ భావాన్ని సవరించాయి. లోపం ప్రధానంగా కంటిది కాదు. పలికే మాటను చిన్న ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులను అక్షరాలతో జోడించే సామర్థ్యానిది. ఈలోగా శామ్యూల్ కిర్క్ 1963లో చికాగోలో జరిగిన తల్లిదండ్రుల సభలో "అభ్యసన వైకల్యాలు" అన్న పదబంధాన్ని ప్రతిపాదించారు. పిల్లవాడిని నిందించడానికి కాక, సహాయపడడానికి ఒక పేరు దొరికింది.

బెంగళూరు పాత్ర

ఈ జ్ఞానం మన దేశానికి వచ్చిన మార్గాలలో బెంగళూరు ముఖ్యమైనది. 1954లో ఇక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో దానినీ, పాత మానసిక వైద్యశాలనూ కలిపి హోసూరు రోడ్డులోని నేటి నిమ్హాన్స్‌ను రూపొందించారు. మైసూరులో 1965లో స్థాపితమైన సంస్థ నేడు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థగా ప్రసిద్ధి. మాట, వినికిడి, చదువుల మధ్య సంబంధాన్ని పరిశీలించే నిపుణులను ఆ సంస్థ తయారుచేసింది.

నిమ్హాన్స్‌లో డాక్టర్ మాళవికా కపూర్, ఆమె సహచరులు కలిసి 1990 దశకం తొలినాళ్ళలో అభ్యసన వైకల్యాలను గుర్తించే ఒక పరీక్షావళిని సిద్ధంచేశారు. అందులో రెండు అంచెలు ఉన్నవి. మొదటిది అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు. రెండవది ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు. మొదటి అంచెలో చదువు కంటే చదువుకు పునాదులైన శక్తులను చూస్తారు: ఏకాగ్రత, చూచిన ఆకారాల మధ్య, విన్న ధ్వనుల మధ్య తేడా గుర్తించడం, వాటిని జ్ఞాపకం ఉంచుకోవడం, మాట్లాడే భాష, చేతికీ కంటికీ పొందిక. రెండో అంచెలో చదవడం, వర్ణక్రమం, లెక్కలు, జ్ఞాపకశక్తి ఇత్యాదులను పరీక్షిస్తారు. ఈ రెండు అంచెల విభజన వెనుక ఉన్న ఆలోచనను తల్లిదండ్రులు గ్రహించాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లవాడికి ముద్ర వేయకూడదు. అలాగని చూడకుండా ఊరుకోనూ కూడదు.

2007 డిసెంబరులో వచ్చిన "తారే జమీన్ పర్" హిందీ చలనచిత్రం తరువాత డిస్లెక్సియా అన్న మాట మధ్యతరగతి ఇళ్ళలో కూడా వినిపించసాగింది. అయితే ఆ మాటతో పాటు వచ్చిన ఉదాహరణలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకు చెందినవి. బి, డి అక్షరాలను తారుమారు చేసే పిల్లవాడి బొమ్మే అందరి మనసులో నిలిచింది. తెలుగు అక్షరాలు దిద్దే పిల్లవాడి దగ్గర ఏమి చూడాలో ఎవరూ చెప్పలేదు.

మన లిపి తీరు

ఇంగ్లీషు నేర్చే పిల్లవాడి ముందు ఇరవై ఆరు అక్షరాలు ఉంటాయి. తెలుగు పిల్లవాడి ముందు అచ్చులు కాక ముప్పై అయిదుకు పైగా హల్లులు, ఒక్కొక్క హల్లుకు పన్నెండేసి గుణింతపు రూపాలు, ఆపైన వత్తులు ఉంటాయి. గుణింతాలే నాలుగు వందలు దాటుతాయి. కన్నడ పిల్లలదీ ఇదే పరిస్థితి. బెంగళూరులోని ప్రామిస్ ఫౌండేషన్‌కు చెందిన డాక్టర్ సొనాలీ నాగ్ కన్నడ పిల్లలను పరిశీలించి 2007లో ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. అక్షరసముదాయం మీద పూర్తి పట్టు సాధించడం ఒకటి రెండు తరగతులతో ముగియదనీ, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందనీ, అక్షరం స్థాయి ధ్వనిజ్ఞానం ముందుగాను, అంతకంటే సూక్ష్మమైన వర్ణజ్ఞానం చాలా ఆలస్యంగాను కలుగుతాయనీ ఆ పరిశోధనలో తేలింది. తెలుగు పిల్లలు మాటలోని ధ్వనులను ఎలా పట్టుకొంటారన్న విషయాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య దుగ్గిరాల వసంత 2004లో ప్రకటించిన పత్రంలో పరిశీలించారు.

మన లిపిలో మరొక చిక్కు ఉంది. "భక్తి" అన్న మాట చూడండి. నోటితో పలికేటప్పుడు క, త, ఆపైన ఇకారం అన్న వరుసలో వస్తాయి. రాతలో ఇకారపు గుడి "క" తలమీద ఉంటుంది. "త" వత్తు కింద ఉంటుంది. వినిపించే వరుస వేరు, కనిపించే వరుస వేరు. "స్త్రీ" అన్న మాటలో ఇది మరింత జటిలం. అలవాటైన మనకు ఇది కష్టమని తోచదు. ఆరేళ్ళ పిల్లవాడికి ఇది చిన్న పని కాదు.

దీనినిబట్టి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. తెలుగు చదువులో నెమ్మదితనం దానంతట అదే దోషం కాదు. రెండో తరగతి పిల్లవాడికి వత్తులు రాకపోతే కంగారుపడనవసరం లేదు. నెమ్మది వేరు, నిలిచిపోవడం వేరు. నెమ్మదిగా నడిచే పిల్లవాడు దసరాకు చదవలేని మాటను సంక్రాంతికి చదువుతాడు. నిలిచిపోయిన పిల్లవాడు మనం ఎంత చెప్పినా ఉగాదికి కూడా అక్కడే ఉంటాడు. ఈ తేడాను కనిపెట్టడమే గుర్తించడమంటే.

గమనించవలసిన లక్షణాలు

బడికి రాకముందు, మూడు నుంచి అయిదేళ్ళ వయసులో: మాటలు చాలా ఆలస్యంగా రావడం, ఎరిగిన వస్తువు పేరు వెంటనే నోటికి రాక తడుముకోవడం, తోటి పిల్లలకు పట్టుబడిన చిన్న పాటలు, ప్రాసమాటలు పట్టుబడకపోవడం, పొడుగుమాటల్లో అక్షరాలు తారుమారు చేయడం అయిదేళ్ళు దాటినా పోకపోవడం, వారాల పేర్ల వంటి వరుసలు నిలవకపోవడం. కుటుంబంలో తండ్రికో మేనమామకో చదువు దగ్గర ఇటువంటి ఇబ్బందే ఉండి ఉంటే మరింత శ్రద్ధగా గమనించాలి. ఇది వంశంలో రావడం కద్దు.

ఒకటి, రెండు తరగతులలో: "క కా కి కీ" అని వరుసగా వల్లించి, మధ్యలో "కె" ఒక్కటి చూపితే చెప్పలేకపోవడం, మళ్ళీ మొదటినుంచి వల్లించుకొంటే తప్ప దానిని చేరలేకపోవడం. నిన్న వచ్చిన అక్షరం నేడు కొత్తగా తోచడం. ప–వ, మ–య, డ–ద, న–స వంటి జంటలను సంవత్సరం గడిచినా కలగలపడం. "ప", "ల", "క" అని విడివిడిగా పలికి, వాటిని "పలక"గా కలపలేకపోవడం. ఇందుకు పుస్తకం కూడా అక్కరలేదు. ఆటగా, "పలకలో ల తీసేస్తే ఏమి మిగులుతుంది?" అని అడగండి. "కమలలో మొదటి అక్షరం తీసేస్తే?" అని అడగండి. ఏడేళ్ళు వచ్చినా ఈ ఆట బొత్తిగా సాగకపోతే గుర్తుంచుకోవలసిన విషయమే.

మూడో తరగతి నుంచి: వత్తులు వదిలివేసి "అక్క"ను "అక"గా, "చెట్టు"ను "చెటు"గా రాయడం, హ్రస్వ దీర్ఘాల తేడా నిలవకపోవడం, మొదటి అక్షరం చూచి మిగతా మాటను ఊహించి చదవడం, చదవడానికే శక్తి అంతా ఖర్చై, చదివిన దాని అర్థం చెప్పలేకపోవడం. అదే పాఠం మనం చదివి వినిపిస్తే చక్కగా సమాధానాలు చెప్పడం. నోటితో కథ చెప్పమంటే పది నిమిషాలు చెప్పి, నోటుపుస్తకంలో రెండు పంక్తులు రాయడం. తెలుగు పీరియడులోనే కడుపునొప్పి రావడం, నీళ్ళకని బయటికి వెళ్ళడం, వంతు వచ్చేసరికి అల్లరి చేసి శిక్ష తెచ్చుకోవడం. చదవలేడన్న అవమానం కంటే అల్లరివాడన్న పేరు పిల్లవాడికి తేలికగా తోస్తుంది.

ఈ లక్షణాలలో ఒకటి రెండు కనిపించినంత మాత్రాన పిల్లవాడికి వైకల్యం ఉందనరాదు. ముందుగా కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించాలి. చెవిలో తరచు చీము పట్టే పిల్లవాడికి ధ్వనుల తేడా తెలియకపోవడంలో వింత లేదు. బడికి తరచు రాకపోవడం, ఆకలి, ఇంట్లో కలతలు కూడా చదువును ఆపుతాయి. ఎడమచేతి వాటానికి దీనితో ముడిపెట్టనక్కరలేదు. ఆరేడేళ్ళ లోపు అక్షరాలు తిరగేసి రాయడం చాలామంది పిల్లలు చేసేదే.

బెంగళూరులోని మన పిల్లల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, దుకాణం బోర్డుమీద ఇంగ్లీషు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు కావడంవల్ల కొన్ని అక్షరాలు కలగలిసిపోవడం సహజం. రెండు భాషలు వినడంవల్ల పఠన వైకల్యం కలుగదు. ఒక్క భాషలోనే ఇబ్బంది ఉంటే ఆ భాషతో పరిచయం చాలకపోవడం కావచ్చు. నేర్చుకొన్న భాషలన్నింటిలోను అదే తంటా ఉంటే పరీక్ష అవసరం. తెలుగులో పలికినట్లే రాస్తాము కనుక అక్కడ తడుముకొంటూ గట్టెక్కిన పిల్లవాడు, వర్ణక్రమానికీ ఉచ్చారణకూ పొంతన తక్కువైన ఇంగ్లీషు దగ్గర కూలబడవచ్చు. అందుచేత "తెలుగు వస్తున్నది కదా" అని ఊరుకోనూ కూడదు.

చట్టం తెచ్చిన మార్పు

1995లో వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. చదువులో ఇబ్బంది అందులో లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. కోదండానికీ, నావంటివారి బెత్తానికీ చట్టం చెప్పిన ముగింపు అది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను ఇరవై ఒకటికి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను కూడా అందులో చేర్చింది. పిల్లలలో ఈ వైకల్యాన్ని సాధ్యమైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా చర్యలు తీసుకోవడం విద్యాసంస్థల విధి అని ఆ చట్టంలోని 16వ సెక్షను స్పష్టంగా చెప్పింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఆ చట్టం అమలులోకి వచ్చింది. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు ఈ నిర్ధారణకు నిమ్హాన్స్ పరీక్షావళినే పేర్కొన్నాయి. మన నగరంలో పుట్టిన సాధనం దేశానికంతటికీ కొలబద్ద అయింది.

ఇంతటి పురోగతిలోనూ ఒక వెలితి ఉంది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషలకోసం "డాలీ" అనే పరీక్షను విడుదల చేసినప్పుడు, మొదటి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలు ఉన్నవి, తెలుగు లేదు. తెలుగులో చదువుకొనే పిల్లవాడిని ఇంగ్లీషు మాటల పట్టికతో కొలిస్తే, భాష రాకపోవడాన్ని వైకల్యమని పొరబడవచ్చు. అసలు వైకల్యాన్ని భాష రాకపోవడమని దాటవేయనూ వచ్చు. పరీక్ష చేయించే తల్లిదండ్రులు "మా వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో తెలుగులో చదువుతాడు" అని నిపుణులకు ముందే చెప్పాలి. తెలుగు నోటుపుస్తకాలు వెంట తీసుకొనిపోవాలి.

మన చేతిలో ఉన్న మూడేళ్ళు

2018 మార్గదర్శకాలు ధ్రువపత్రానికి పరీక్షను ఎనిమిదో ఏటనే మొదలుపెట్టమన్నాయి. పిల్లవాడు ఓనమాలు దిద్దేది అయిదో ఏట. మధ్యలోని మూడేళ్ళు నిపుణులవి కావు, చట్టానివి కావు. అవి తల్లివి, ఒకటో తరగతి ఉపాధ్యాయునివి. ధ్రువపత్రం పరీక్షలో అదనపు సమయం ఇప్పించగలదు. పోయిన ఆత్మవిశ్వాసాన్ని ఇప్పించలేదు. అది పోయేది ఈ మూడేళ్ళలోనే.

ఈ మూడేళ్ళలో చేయదగినది పెద్ద ఖర్చుతో కూడుకొన్నది కాదు. ప్రతి ఉపాధ్యాయుడు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకొని, వెనుకబడిన పిల్లవాడు ఏ అక్షరాలు, ఏ గుణింతాలు, ఏ వత్తులు చదవగలిగాడో రెండు నెలలకొకసారి తేదీతో సహా రాసుకొంటే చాలు. నెమ్మదో, నిలిచిపోవడమో ఆ పుస్తకమే చెబుతుంది. నిలిచిపోయిన పిల్లవాడికి కొద్ది అక్షరాలు, ఎక్కువసార్లు, వరుస తప్పించి చెప్పాలి. నోటితో పలుకుతూ, చెవితో వింటూ, వేలితో దిద్దుతూ నేర్పాలి. ఆర్టన్‌తో కలిసి పనిచేసిన అన్నా గిల్లింగ్‌హామ్ అమెరికాలో రూపొందించిన పద్ధతికి మూలసూత్రం ఇదే. మన పాతబడి ఇసుక కూడా ఈ పనే చేసేది. అయితే ఇసుక ఒక్కటే చాలదు. ఏ అక్షరం దగ్గర పిల్లవాడు ఆగాడో చూచే కన్ను దానికి తోడు కావాలి. నలుగురి ముందు గట్టిగా చదివించడం మానాలి. పాఠం చదివి వినిపించి, సమాధానం నోటితో అడగాలి. లెక్కలలోనో, బొమ్మలోనో, ఆటలోనో వాడికి ఉన్న ప్రజ్ఞను తరగతికి తెలియజేయాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఉపాధ్యాయుడు "ఒకసారి చూపించండి" అంటే అది మీ బిడ్డకు అప్రతిష్ఠ కాదు. పక్కింటి పిల్లవాడితో పోల్చవద్దు. మొన్నటి మీ పిల్లవాడితోనే పోల్చండి. ఇది మందుబిళ్ళతో పోయేది కాదు, వయసుతో దానంతట అదే పోయేదీ కాదు. ఓపికతో, సరైన పద్ధతిలో బోధిస్తే ఈ పిల్లలు చదవడం నేర్చుకొంటారు. కొంచెం నెమ్మదిగా చదువుతారు, అంతే.

ఈ పాఠశాల శతాబ్ది ఉత్సవం జరుపుకొనేనాటికి మరొక సంచిక వెలువడుతుంది. దానిలో కీర్తి గడించినవారి పేర్లు తప్పక ఉంటాయి. దానితో పాటు, ఈ ఇరవై అయిదేళ్ళలో చదువు రాదన్న కారణంతో ఏ పిల్లవాడి పేరునూ హాజరుపట్టీ నుంచి కొట్టివేయలేదని ఒక్క వాక్యం రాయగలిగితే, అది ఏ రజతపతకానికీ తీసిపోదు. ఆ వాక్యం రాయగలగడానికి పని ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్లలతోనే మొదలుపెట్టాలి. నేను ఒక పిల్లవాడి విషయంలో ఆలస్యం చేశాను. మీరు చేయవద్దని ప్రార్థన.